గోడలోని తీపిని గీకేసిన పుట్టగొడుగు

ఈ కథను నేను పాడేరు కొండల్లో విన్నాను. వాన కురుస్తుంటే కొందరం ఒక పశువుల పాకలో తలదాచుకున్నాం. పుట్టగొడుగులు ఏరుకొని వచ్చిన వంతాల బుద్రమ్మగారు తన మనవరాలికి దీనిని చెప్పారు. ఆమెకు వాళ్ల మేనత్త చెప్పారట. విన్న క్రమంలోనే మీకు మనవి చేస్తున్నాను.

ఒకప్పుడు పుట్టగొడుగుల గోడలు పలుచగా, తియ్యగా ఉండేవి. పుట్టగొడుగంటే మనకు కనిపించే గొడుగు మాత్రమే కాదు. నేల కింద తెల్లని పోగులై పాకేదే దాని అసలు ఒళ్లు. ఒక్కో పోగు చుట్టూ ఉండే పైపొరే దాని గోడ. ఆ పోగులకు ఒక మర్యాద ఉండేది. ఏ పోగు వచ్చి తగిలినా, ఎవరని అడగకుండా గోడకు తలుపు తీసి, కౌగిలించుకొని, ఉన్న తిండి పంచుకోవాలి.

ఒక పుచ్చిన దుంగ కింద గొడుగమ్మ, నూలమ్మ అనే అక్కచెల్లెళ్ల పోగులు ఉండేవి. ఇద్దరూ కలిసి గొడుగమ్మ వైపు ఒక చిన్న మొగ్గను పెంచుతున్నారు. తొలి ఉరుము దాకా బతికితే అది గొడుగై పైకి లేస్తుంది.

అంతలో పచ్చబూజు పాకుతూ వచ్చి నూలమ్మకు తగిలాడు. వాడిదీ పోగుల ఒళ్లే.

“ఎవరూ?” అంది నూలమ్మ.

“పోగుల ఇంట్లో ఎవరని అడుగుతారా మరదలా? మీ మర్యాద ఏమైపోయింది?”

నూలమ్మ సిగ్గుపడి తలుపు తీసింది. బూజు ఆమె చుట్టూ ఒక చుట్టు చుట్టాడు. దాని మీద మరొకటి.

“ఏంటి బావా, ఇంత గట్టిగానా!”

“అభిమానం మరదలా, అభిమానం!”

అంటూనే నాకడం మొదలుపెట్టాడు. ఉమ్మి తగిలిన చోటల్లా గోడ బెల్లంలా కరిగింది.

“అక్కా! వీడు చుట్టం కాదు, నన్ను తినేస్తున్నాడు! మన మధ్య తలుపు మూసెయ్!”

“మూస్తే నువ్వు అటే ఉండిపోతావే!”

“మూయకపోతే మొగ్గ పోతుంది. అక్కా, విను! రాయి గీరుకొని తీపి పోయిన చోట నా గోడ కరగడం లేదు. నీ గోడలో తీపి గీకెయ్, తొందరగా!”

గొడుగమ్మ ఏడుస్తూనే తలుపు మూసింది. గోడలోని తీపినంతా గీకేసింది. లోపలివైపు మరో పూత మెత్తింది. అవతల నూలమ్మ గొంతు ఆగిపోయింది.

బూజు ఇటు పాకాడు. చుట్టుకున్నాడు. నాకాడు. లోపల మొగ్గ వణికింది.

“థూ! ఇదేం గోడ, రుచీ పచీ లేదు!”

“మా ఇంటి రుచి చూసింది చాలు. నడు!” అంది గొడుగమ్మ.

వాడు మళ్లీ నాకాడు. గోడ కరగలేదు, ఉమ్మి జారిపోయింది. ఆకలికి ఓర్చుకోలేక చుట్లు విప్పుకొని వెళ్లిపోయాడు.

నూలమ్మ మట్టిలో కలిసిపోయింది. మొగ్గ తొలి ఉరుముకు గొడుగై లేచింది. గొడుగమ్మ ఆ దుంగ కిందే ముసలిదై, పిల్లపోగులకు గోడ కట్టడం నేర్పి కన్నుమూసింది. పచ్చబూజు మాత్రం తీపి గోడల కోసం పుచ్చు కట్టెల మీద ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

అప్పటినుంచే పుట్టగొడుగుల పోగులు పరాయివాళ్లు తగిలితే తలుపు తీయవు. ఎవరైనా చుట్టుకోబోతే గోడ రుచి మార్చేసి, లోపల మరో పూత వేసుకుంటాయి.