కుప్పమ్మకు ఏ కన్ను?

పలమనేరులో ఒక కంటి ఆసుపత్రిలో శేషఫణి అనే కంప్యూటర్ ఆపరేటరు ఉండేవాడు. చెయ్యి చురుకే గానీ, ఒకసారి చేసిన పనిని మళ్ళీ తిరిగి చూడటమంటే అతనికి మహా నామోషీ.

సోమవారం నాడు అతను కంప్యూటర్లో రోగులందరి వివరాలున్న పెద్ద పట్టికను ఒక ప్రశ్న అడిగాడు: శుక్లాల ఆపరేషన్ ఎవరెవరికి, ఏ కంటికి? వచ్చిన జవాబును అప్పటికప్పుడే ఒక కొత్త పట్టికగా చేసి పెట్టుకున్నాడు. ఎస్‌క్యూఎల్‌ అనే కంప్యూటర్ భాషలో దానికి ఒక్క వాక్యం చాలు. ఇక వారమంతా వెతుకులాట లేదని మురిసిపోయాడు.

గురువారం ఉదయం ఆ కొత్త పట్టికనే కాగితం మీదికి తీసి చదవసాగాడు. అతను చెప్పిన కంటిపైన, కనుబొమ మీద నర్సు గ్లోరీ సిస్టర్ సిరా గుర్తు పెడుతోంది. కుప్పమ్మ వంతు వచ్చింది. కుడి అన్నాడు. గుర్తు పడింది. మసక ఎడమ కంటికి కదా అంది కుప్పమ్మ. కాగితంలో కుడి అనే ఉందన్నాడు శేషఫణి.

"కాగితానికి మసకైతే దానికే చేయించు నాయనా. కన్ను నాది."

సిస్టర్ చెయ్యి ఆగిపోయింది. ఈమెది తప్పుగా ఎక్కించారని తానే పెద్ద పట్టికలో ఎడమ అని దిద్దినట్టు ఆమెకు గుర్తొచ్చింది. శేషఫణి తన పట్టిక తెరిచాడు: కుడి. ఆమె పెద్ద పట్టిక తెరిచింది: ఎడమ. మనిషి ఒక్కతే, ఆసుపత్రి ఒక్కటే. కంప్యూటర్ని ఆపి మళ్ళీ వేశాడు. కుడి కుడిగానే ఉంది. సిస్టర్ ఇప్పుడే మార్చి బుకాయిస్తోందేమో అనుకున్నాడు. చివరికి తన కుడి చెయ్యి ఏదో తనకే అనుమానం వచ్చింది.

"ఇది దాన్లోంచే కదా వచ్చింది సిస్టర్. అక్కడ దిద్దితే ఇక్కడెందుకు మారలేదు?"

"ఎప్పుడు తీశావు?"

"సోమవారం."

"నేను దిద్దింది మంగళవారం. ఫోటో తీయించుకున్న మర్నాడు గుండు చేయించుకుంటే, ఫోటోలో జుట్టు రాలిపోతుందా శేషూ?"

అప్పటికి గానీ బుర్రకెక్కలేదు మహానుభావుడికి. పాత నకలును చెరిపేసి, పెద్ద పట్టికను అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. కుప్పమ్మకు ఎడమ అని వచ్చింది. షుగరు పెరిగిందని డాక్టరమ్మ ఆపేసిన ఒకాయన పేరు లేకుండా పోయింది. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి, పిలుపు కోసం మూల కూర్చున్న చెంగయ్య పేరు కొత్తగా చేరింది. సిస్టర్ కుప్పమ్మ కుడి కనుబొమ తుడిచేసి, ఎడమ వైపు గుర్తు పెట్టింది. ఈసారి శేషఫణే దగ్గరికి వచ్చి ఆ గుర్తును రెండోసారి చూసుకున్నాడు.

నీతి: అసలులోంచి పుట్టినా సరే, నకలుకు తాను పుట్టిన రోజు దాకానే తెలుసు, మనిషి మీద చెయ్యి వేసే ముందు అసలునే మళ్ళీ అడగాలి.