కమిషనర్ గారి బూట్లు

మా ప్లీడరు పురుషోత్తం గారిని ఏదైనా మాటకి అర్థం అడిగితే ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. అంటే ఇక అర్థం రాదు, కథ వస్తుందన్నమాట. ముప్ఫై ఆరేళ్ళుగా ఆయన దగ్గర గుమాస్తాగా పడి ఉన్నాను, ఆ మాత్రం నాకు తెలుసు.

ఆ సాయంత్రం అడిగింది జూనియర్ సుమిత్ర. ఒక సరిహద్దు తగాదాలో స్థలం చూసి రిపోర్టు రాయమని కోర్టువారు ఆమెను మొదటిసారి కమిషనర్‌గా వేశారు. ఆ నియామకపు వారంటు చేతికొచ్చిన దగ్గర్నుంచీ అమ్మాయి కాలు నేల మీద నిలవడం లేదు.

"సార్, మా వీధిలో కమిషనర్ అంటే కమిషన్ పుచ్చుకునేవాడనుకుంటున్నారు. డిక్షనరీలో అధికారి అని ఉంది. అసలు అర్థమేమిటి?" అంది.

"అధికారం తర్వాత వచ్చి చేరిందమ్మా. దాని మూలం పాత లాటిన్ మాట. పంపడం, అప్పగించడం, అంతే," అని ఆయన కళ్ళజోడు తీశారు. నేను చేతిలో ఫైలు కట్టేసి కూర్చున్నాను.

ఆయన చెప్పింది తన మొదటి కమిషన్ సంగతి. ఆనాడు కొలత టేపు పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను గనక, ఒక్క ముక్క కూడా కల్పించలేదని సాక్ష్యం చెప్పగలను.

మాణిక్యమ్మ అనే ముసలావిడ పొలానికి బండి బాట పక్క రైతు చేలోంచే ఉండేది. ఆ రైతు కోతలు కాగానే బాటతో సహా దున్నేసి, ఇక్కడ దారన్నదే ఎప్పుడూ లేదని కోర్టులో వాదించాడు. ఆవిడ వరికుప్ప పొలంలోనే ఉండిపోయింది. పైన చూస్తే మబ్బులు. దారి లేదని తేలితే ఆ ఏటి తిండిగింజలు పోయినట్టే.

పురుషోత్తం గారు కొత్త బూట్లతో గట్టు మీద నిలబడి చూశారు. చేనంతా ఒక్క తీరున దున్ని ఉంది. "బాట ఆనవాళ్ళు లేవు" అని రాసేశారు. ఆయన్ననడం ఎందుకు, నాకూ కనబడలేదు.

మాణిక్యమ్మ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "జడ్జీగారు రాలేక తమర్ని పంపారంట గదా బాబూ. అయితే ఇయ్యి ఆయన కాళ్ళే. ఒక్కసారి నేలమీద పెట్టండి," అంది.

ఆయన మొహం ఎర్రబడింది. బూట్లు విప్పి చేలో దిగారు. ఇరవై అడుగులు మెత్తగా నడిచినవారు ఆగి అరికాలు పట్టుకున్నారు. అక్కడ మట్టి పొడి కాలేదు. ఏళ్ళ తరబడి బండ్లు తొక్కిన నేల, నాగలికి రాళ్ళలాంటి పెళ్ళలుగా లేచింది. ఆ పెళ్ళల వెంటే, సరిగ్గా బండి వెడల్పున, ఆవిడ పొలం దాకా నడిచారు. నేను కొలుస్తూ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన కాళ్ళు చీరుకుపోయాయి. రాసిన కాగితం చించేసి మళ్ళీ మొదట్నుంచి రాశారు. దాన్ని బట్టి కోర్టు దారి ఇప్పించడంతో, వాన పడకముందే మాణిక్యమ్మ కుప్ప ఇల్లు చేరింది.

ఇంత పేరున్న ప్లీడరు తన తప్పును నిన్నగాక మొన్నొచ్చిన జూనియర్ ముందు దాచకుండా చెబుతుంటే, నా కళ్ళు చెమర్చాయి. ఆయన దగ్గర ఇన్నేళ్ళు ఎందుకున్నానో మళ్ళీ తెలిసింది.

సుమిత్ర వారంటు వంక చూసింది. "అయితే సార్, కమిషనర్ అంటే..."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆమె కాళ్ళవైపు చూశారు.

"రేపు ఆ బకిళ్ళ చెప్పులు వద్దమ్మా. విప్పడానికి తేలిగ్గా ఉండేవి వేసుకెళ్ళు."