ఐదు రేకుల పువ్వు

అనగనగా గోదావరి పాయ పక్కన ఒక ఊళ్ళో దీవెనమ్మ అని లేసు అల్లే ఆవిడ ఉండేది. ఊఁ కొడుతున్నావా తల్లీ? ఆవిడ చేతిలో సూది ఆడితే తెల్లదారం పువ్వైపోయేది. అయితే మనిషి మహా గట్టిది. మనవరాలు రూతు అల్లికలో ఒక్క ముడి తప్పితే చాలు, "విప్పు. మళ్ళీ అల్లు" అనేది. పిల్ల ఏడ్చినా సరే, విప్పించేది.

ఒకసారి ఆ ఊరి భూషణం మాస్టారు తన ఇంటి ముందుగదిలో చిన్న మ్యూజియం పెట్టారు. వెనకటి బుట్టచేతుల జాకెట్లు, కుచ్చుల గౌన్లు, లేసు కాలర్లు అద్దాల పెట్టెల్లో సర్దారు. అప్పుడు దీవెనమ్మ రూతును వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్ళింది.

గది నడుమ పెద్ద పెట్టెలో, చర్చి బల్ల మీద పరిచే లేసు గుడ్డ ఉంది. దీవెనమ్మ చూడగానే పోల్చుకుంది. అది నలభై ఏళ్ళ కిందట తను అల్లిందే. పువ్వుకి ఆరేసి రేకులు. ఒక్క మూల పువ్వుకి మాత్రం ఐదే. అప్పట్లో విప్పితే క్రిస్మసుకి అందదని వదిలేసింది. ఎవరికీ చెప్పలేదు. పక్కన చీటీ మీద "దీవెనమ్మ గారి పని. ఒక్క తప్పూ లేదు" అని రాసి ఉంది.

మాస్టారు ఎదురొచ్చి, "ఇలాంటి చెయ్యి ఇంకొకరికి లేదమ్మా" అన్నారు. దీవెనమ్మ నోరు విప్పలేదు.

ఆ తర్వాత బడిపిల్లలు మూగి, "తప్పు లేకుండా ఎలా అల్లావు మామ్మా?" అని అడిగారు. చెంగు సర్దుకుంది గానీ, అప్పుడూ నోరు విప్పలేదు.

ఆ తర్వాత రూతు పెట్టెకి ముక్కు ఆనించి రేకులు లెక్కపెట్టసాగింది. లెక్కపెట్టి లెక్కపెట్టి మూల పువ్వు దగ్గరికొచ్చింది. "అమ్మమ్మా, దీనికి ఐదే!" అంది. వెంటనే చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నేను ఎవరికీ చెప్పనులే" అంది.

ఆ మాట దీవెనమ్మకి సూదిలా గుచ్చుకుంది. అప్పుడు అందరికీ వినబడేలా అంది, "మాస్టారూ, ఆ చీటీ అబద్ధం. మూల పువ్వుకి ఒక రేకు తక్కువ. తెలిసే వదిలేశాను. పెట్టె తియ్యండి, విప్పి సరిచేస్తాను."

"పాత దారమమ్మా, ముట్టుకుంటే తెగిపోతుంది."

"అయితే చీటీ విప్పండి. మళ్ళీ రాయండి" అంది రూతు, అచ్చం అమ్మమ్మ గొంతుతో. గదంతా నవ్వింది. దీవెనమ్మ కూడా నవ్వింది.

మాస్టారు కొత్త చీటీ రాశారు: "దీవెనమ్మ గారి పని. ఒక పువ్వుకి ఒక రేకు తక్కువ. ఆవిడే చెప్పారు." అప్పటినుంచి వచ్చినవాళ్ళంతా ఆ పువ్వు కోసం ఒక్కో రేకూ లెక్కపెట్టేవారు. అంతకు ముందు ఆ గుడ్డని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు.

ఇంటికొచ్చాక రూతు తన అల్లిక పట్టుకొచ్చింది. "అమ్మమ్మా, ఇక్కడ ఒక ముడి తప్పాను" అంది. ఈసారి దీవెనమ్మ విప్పు అనలేదు. పక్కన కూర్చుంది. ఇద్దరూ కలిసి విప్పారు.

ఆవిడకి ఆ ఒక్క మాట చెప్పడానికి నలభై ఏళ్ళు పట్టింది తల్లీ. నువ్వు అంత ఆలస్యం చెయ్యకు.

దారం బుట్టకి, సూది గూటికి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి.