దేవుడి దారిలో ఒక గొడుగు

రిత్సుకి ఊరు ఊరంతటి మీదా కోపం వచ్చింది.

కోపానికి కారణం ఒక ద్వారం. జపాన్‌లో షింతో మతపు ఆలయాల ముందు అలాంటిది ఉంటుంది. తోరీ అంటారు. రెండు స్తంభాలు, వాటి మీద రెండు అడ్డదూలాలు, అంతే. తలుపులుండవు, గడియ ఉండదు. దాని కిందుగా లోపలికి అడుగుపెట్టేవాళ్లు ఒక్క క్షణం ఆగి, తల వంచి, దారికి ఓ పక్కగా నడవాలి. నడిమి దారి దేవుడిది. మనుషులు దాని మీద నడవరు.

ఉత్తరాన మంచుకొండల్లోని ఆలయంలో పూజారి పని నేర్చుకున్నన్నాళ్లూ ఈ మర్యాద తప్పిన మనిషిని రిత్సు చూడలేదు. అక్కడికి వచ్చేదే నలుగురైదుగురు. వాళ్లు దూరాన తోరీ కనబడగానే టోపీలు తీసేసేవాళ్లు. దేవదారు చెట్ల మీంచి మంచు జారిన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు.

ఒసాకాలో సంగతి వేరు. ఇసోబే గురువుగారి ఆలయం రైల్వే స్టేషన్‌కీ ఆఫీసుల వీధికీ సరిగ్గా మధ్యన ఇరుక్కుని ఉంది. ఇటు బ్యాంకు భవనం, అటు కార్లు నిలిపే అంతస్తులు. ఆ రెంటి సందులో పాచిపట్టిన రాతి తోరీ, దాని వెనక ఓ కర్పూరం చెట్టు, చెట్టు నీడలో చిన్న గుడి. స్టేషన్లో దిగినవాళ్లకి రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లడంకన్నా గుడి ఆవరణలోంచి అడ్డంగా పడి వెళ్తే దగ్గర. అందుకని తెల్లారింది మొదలు జనం తోరీ కిందుగా ఏరులా పారేవాళ్లు. నడిమి దారి అని లేదు, పక్క దారి అని లేదు. చేతిలో కాఫీ, చెవి దగ్గర ఫోను, కాలికింద దేవుడి దారి.

రిత్సు లెక్కల్లో చురుకైనవాడు. స్తంభం పక్కన చీపురు పట్టుకుని, ఊడుస్తున్నట్టే ఊడుస్తూ, వంగిన తలలు ఎన్నో, వంగని తలలు ఎన్నో మనసులోనే లెక్క వేసుకునేవాడు. ఓ రోజు ఉండబట్టలేక గురువుగారి దగ్గరికొచ్చాడు.

"నూటికి ఇద్దరు కూడా వంగడం లేదు గురువుగారూ!"

ఇసోబే గారు టీ ఊదుకుంటూ తలెత్తారు. "అబ్బో! ఇద్దరిదాకా ఉంటారంటావా?"

"మీకు నవ్వులాటగా ఉంది. ఇది గుడా, సందా?"

"ఏం చేద్దామంటావు?"

"దారి నడుమ తాడు కడతాను. కర్రలు పాతి, గడ్డితాడు కట్టి, తెల్ల కాగితాలు వేలాడదీస్తాను. దేవుడి చోటుకి అదే గుర్తు. అది చూస్తే ఎవరైనా పక్కగానే నడుస్తారు."

"కట్టు మరి" అన్నారు ఇసోబే గారు.

ఆయనకి డెబ్బై దాటింది. మోకాళ్లు మాట వినడం మానేశాయి. ఆయన తర్వాత ఆ గుడిలో ఉండడానికి మనిషి కావాలని నలుమూలలా కబురు పెడితే, వచ్చినవాడు రిత్సు ఒక్కడే. ఇతనూ పోతే గుడికి తాళం పడుతుంది. పండగనాడు మాత్రం ఎవరో వచ్చి తీస్తారు, మళ్లీ వేస్తారు. ఈ సంగతి గురువుకీ తెలుసు, శిష్యుడికీ తెలుసు. ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

మర్నాడు జనం రాకముందే తాడు సిద్ధమైంది. కొత్త గడ్డి వాసన, గాలికి ఊగే తెల్ల కాగితాలు. రిత్సు చీపురు భుజాన వేసుకుని గర్వంగా నిలబడ్డాడు.

మొదట వచ్చినాయన తాడు చూసి ఆగాడు. బాగా చదువుకున్న మనిషిలా ఉన్నాడు. తాడు పక్కన నిటారుగా నిలబడ్డాడు, కానీ కదల్లేదు. ఆయన వెనక ఒకావిడ వచ్చి ఆగింది. ఆవిడ వెనక ఇద్దరు కుర్రాళ్లు. రిత్సు కళ్లముందే ఆ వరస తోరీ దాటి, బ్యాంకు గోడ పొడుగునా పెరిగి, మలుపు తిరిగింది.

"ఏమిటండీ ఇక్కడ ఇస్తున్నది?"

"ఏమో మరి. నా ముందువాళ్లు నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను."

"కొత్త తాయెత్తులట. కొంతమందికే వస్తాయట."

"అయ్యో, అయితే మా ఆవిడక్కూడా ఒకటి తీసుకోవాలి."

రిత్సు పరిగెత్తాడు. "అయ్యా, ఇది క్యూ కాదు! ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు! నడవండి, తాడు పక్కగా నడవండి!"

"అటుపక్క వేరే క్యూనా బాబూ? అది దేనికి?" అని అడిగింది ఒకావిడ. అడగడమే ఆలస్యం, తాడుకి అవతలి పక్క కూడా వరస కట్టేశారు.

రిత్సు చేతులు జోడించి, బతిమాలి, చివరికి గొంతు పోగొట్టుకుని వరస కొసదాకా వెళ్లాడు. అక్కడ తెల్లటి పూజారి బట్టల్లో, చేతికర్ర ఊతంగా, అందరికన్నా వెనక ఇసోబే గారు నిలబడి ఉన్నారు.

"కాస్త త్వరగా కానివ్వు నాయనా. మోకాళ్లు నొప్పెడుతున్నాయి" అన్నారు.

మధ్యాహ్నానికల్లా రిత్సు కర్రలు పీకేశాడు. సాయంత్రం గురువుగారి ముందు మోకరిల్లి కూర్చున్నాడు. అతని మొహంలో కోపం లేదు, అంతకన్నా చల్లనిదేదో ఉంది.

"నేను కొండకి తిరిగి వెళ్లిపోతాను గురువుగారూ. రేపు మధ్యాహ్నం బండి ఉంది."

ఇసోబే గారు తలెత్తి చూశారు.

"మీ మీద గౌరవం లేక కాదు. ఇక్కడ దేవుడున్నాడని నాకు అనిపించడం లేదు. ఒకవేళ ఉండేవాడేమో. ఇంతమంది తొక్కుకుంటూ పోతుంటే ఏ దేవుడు మాత్రం ఉంటాడు? ఎప్పుడో లేచి వెళ్లిపోయి ఉంటాడు. ఖాళీ గుడికి నేను కాపలా కాయలేను."

ముసలాయన చెట్టు మీద సద్దుమణుగుతున్న కాకుల వైపు చూశారు. తర్వాత, "వెళ్దువుగానిలే" అన్నారు. "పొద్దున్న ఓ గంటసేపు నాకో పని చేసిపెట్టి వెళ్లు."

తెల్లారేసరికి వాన. గట్టి వాన కాదు, ఊరంతా నీళ్లలో నానబెట్టినట్టు సన్నటి ముసురు. భవనాల పై అంతస్తులు కనబడడం లేదు. ఇసోబే గారు శిష్యుణ్ణి తోరీ కిందికి తీసుకొచ్చి, భుజాలు పట్టుకుని, సరిగ్గా నడిమి దారిలో నిలబెట్టారు. గుడి వైపు వీపు పెట్టి, వీధి వైపు మొహం తిప్పారు.

రిత్సు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "గురువుగారూ! ఇది దేవుడి చోటు!"

"లేచి వెళ్లిపోయాడన్నావుగా. ఖాళీయే కదా. నిలబడు."

"నిలబడి ఏం చెయ్యను?"

"ఏమీ చెయ్యకు" అని చెప్పి ఆయన కుంటుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

పైనున్న దూలాలు గొడుగు కావు కదా. చినుకులు ఒకటొకటిగా రిత్సు భుజాల మీద వాలుతున్నాయి. కాసేపటికి స్టేషన్ వైపు నుంచి మొదటి రైలు జనం వచ్చారు. ఆ మసక వెలుతురులో మనుషులు కనబడలేదు. గొడుగులే కనబడ్డాయి. తెల్లవి, నల్లవి, అటునించి ఇటు కనబడే గాజులాంటివి. అవి నేలకి ఆనకుండా తేలుతూ వస్తున్నట్టున్నాయి.

మొదటి గొడుగు అతని ముందుకొచ్చి, అవతలి పక్కకి ఒరిగింది. దాని కింద ఒక తల కొద్దిగా దిగింది. "క్షమించాలి" అంటూ దాటింది. రెండో గొడుగు ఇటు ఒరిగింది. "కాస్త, దయచేసి." ఇంకో తల దిగింది. ఆ ఊళ్లో ఎదురుపడ్డ మనిషిని దాటాలంటే ఎవరైనా అలాగే దాటుతారు. నీళ్లు ఎదుటివాడి మీద పడకుండా గొడుగు వంచుతారు, తల వంచుతారు. ఎవరూ నేర్పరు, ఎవరూ మర్చిపోరు. గొడుగులన్నీ ఒక్కొక్కటే వచ్చి, అతని దగ్గర రెండుగా విడిపోయి, అతని వెనక మళ్లీ కలిసిపోతున్నాయి. ఏటి నడుమ రాయిలా నిలబడ్డాడు రిత్సు. ఒక్క చెయ్యి తగల్లేదు, ఒక్క గొడుగు కొస తగల్లేదు.

తలకి తల వంచడం మర్యాద కాబట్టి అతనూ వంచాడు. మళ్లీ వంచాడు. మెడ నొప్పి పుట్టింది. లెక్కవేద్దామని మొదలుపెట్టినవాడు ఎక్కడో దారి తప్పాడు. మళ్లీ మొదలుపెట్టలేదు.

ఇన్నాళ్లూ స్తంభం పక్కనుంచి అతనికి భుజాలు కనబడేవి, సంచులు కనబడేవి, వంగని మెడలు కనబడేవి. ఇక్కణ్ణించి మొహాలు కనబడుతున్నాయి. నిద్ర ఇంకా పూర్తిగా వదలని మొహాలు. ఒకతను ఏదో మాట పెదాల మీదే వల్లె వేసుకుంటున్నాడు. ఎవరికో చెప్పుకోవలసిన క్షమాపణలా ఉంది. ఒకమ్మాయి తోరీ కిందికి రాగానే కళ్లు మూసుకుని, దాటాక తెరిచింది. ఒక ముసలాయన తీపి పొట్లాన్ని పసిపాపలా రెండు చేతులా పట్టుకుని, తను తడుస్తూ దాన్ని తడవనివ్వడం లేదు. ఒకాయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. అవి నిద్రలేక ఎర్రబడ్డాయో, ఏడ్చి ఎర్రబడ్డాయో ఆ ఒక్క క్షణంలో తెలియలేదు. ఆగి చూద్దామంటే ఆయన దాటిపోయాడు.

వాన చప్పుడు, అడుగుల చప్పుడు ఒకటైపోయాయి. ఎంతసేపైందో రిత్సుకి తెలియదు. అతని ముందు ఒక నీలం గొడుగు వచ్చి ఆగింది. ఒరగలేదు, దాటలేదు. ముందుకు సాగి అతని తల మీదికి వచ్చింది. వాన ఆగిపోయింది.

నలభై దాటిన ఆవిడ. గడ్డం మీద చిన్న పుట్టుమచ్చ.

"తడిసి ముద్దయిపోయారే! ఎవరికోసమైనా ఎదురుచూస్తున్నారా బాబూ?"

లేదని చెప్పబోయాడు. నోట్లోంచి "అవునండీ" అని వచ్చింది.

"ఇంకా రాలేదా?"

"తెలియదండీ."

ఆవిడ అతని మొహంలోకి కాసేపు చూసింది. గొడుగు పిడి అతని చేతిలో పెట్టి, వేళ్లు దానిచుట్టూ మూసింది. "ఇది ఉంచండి. నా ఆఫీసు అదిగో, పరిగెడితే ఇంతలోకే" అంది. అటువైపు చూస్తే ముసురు తప్ప ఏ భవనమూ కనబడలేదు. ఆవిడ సంచి నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది. చెప్పులు నీళ్లలో టపటపలాడాయి. కర్పూరం చెట్టు దాటేదాకా చప్పుడు వినబడి, తర్వాత వినబడలేదు.

జనం పలచబడ్డాక ఇసోబే గారు వచ్చారు. శిష్యుడు ఇంకా అక్కడే, నీలం గొడుగు కింద.

"గంట ఎప్పుడో అయిపోయింది. బండికి వేళవుతోంది."

"ఈ గొడుగు ఒకావిడది గురువుగారూ. ఆవిడ తడిసిపోతూ వెళ్లింది. సాయంత్రం ఇటే వస్తుందిగా, ఇచ్చేసి రాత్రి బండికి వెళ్తాను."

"పేరడిగావా?"

"లేదు."

"ఆఫీసు?"

"అడగలేదు."

"భలేవాడివే. ఈ జనంలో ఎలా పట్టుకుంటావు?"

రిత్సు మళ్లీ వీధి వైపు తిరిగాడు.

సాయంత్రం జనం తిరిగి స్టేషన్ వైపు పారారు. రిత్సు గొడుగు మడిచి పట్టుకుని తోరీ దగ్గర నిలబడ్డాడు. ఆవిడ రాలేదు. ఇంకో వీధినుంచి వెళ్లిందేమో, ఒంట్లో బాగాలేక ముందే ఇంటికి చేరిందేమో. రాత్రి బండి కూడా వెళ్లిపోయింది.

మర్నాడు వాన వెలిసింది. కడిగినట్టున్న ఆకాశం, రాతి స్తంభాల మీద లేత ఎండ. ఎండలో గొడుగు పట్టుకుని దారి నడుమ నిలబడ్డ కుర్ర పూజారిని జనం వింతగా చూస్తూ, తప్పుకుంటూ, తల వంచుతూ పోతున్నారు. అతను కనురెప్ప వెయ్యడం లేదు. ఒక్కొక్క మొహం దగ్గరికొచ్చేదాకా చూస్తున్నాడు. ఆవిడ కాదని తెలిశాక కూడా, దాటిపోయేదాకా చూస్తున్నాడు.

ఇసోబే గారు చేతికర్ర చప్పుడు చేసుకుంటూ వెనక నుంచి వచ్చి, స్తంభం పక్కన ఆగారు.

"అలా పక్కకొచ్చి కాసేపు కూర్చోరా. కళ్లు కాయలు కాస్తాయి."

"వద్దు గురువుగారూ" అన్నాడు రిత్సు, వీధి మీంచి చూపు తిప్పకుండా. "ఎంతమందైనా రానివ్వండి. ఒక్క మొహం వదిలేశానంటే, అది ఆవిడదే కావచ్చు."

ముసలాయన మెల్లగా వెనక్కి తిరిగి, చెట్టు నీడలోని గుడి వైపు చూశారు.

"లోపలాయన కూడా అదే అంటాడు" అన్నారు.