చూద్దామన్నవారి బండి

అనగనగా అనడమే తప్ప, ఏ రాజు ఏలుబడో తేల్చడానికి ఒక్క శాసనమైనా దొరకనంత పాతకాలంలో, ఒక పెద్ద కాలువ చివర ఓబులేసు అనే రైతు ఉండేవాడు. అతనికి ఒక మడిచెక్క, ఒక బండి, ఒక కొమ్ము విరిగిన ఎద్దు, దానికి జతగా అసలు కొమ్ములే లేని మరో ఎద్దు.

ఆ ఏడు నీళ్ళు కాలువ చివరిదాకా రాలేదు. నారు పసుపుబారింది. ఊరివాళ్ళు ఓబులేసును రాజుగారి కొలువుకు పంపారు. తెలివైనవాడని కాదు, గొంతు పెద్దదని.

“దొరా, చివరి మళ్ళకు నీళ్ళు లేవు,” అన్నాడు ఓబులేసు.

“చూద్దాం,” అన్నాడు మంత్రి, తాంబూలం నములుతూ.

నీళ్ళు రాలేదు. ఓబులేసు రెండోసారి వెళ్ళాడు.

“చూద్దాం,” అన్నాడు మంత్రి.

నీళ్ళు రాలేదు. నడిచి నడిచి విసిగిన ఓబులేసు మూడోసారి బండి కట్టుకుని వెళ్ళాడు.

“చూద్దాం,” అన్నాడు మంత్రి.

ఓబులేసుకు ఒళ్ళు మండింది. “అయితే లెయ్యండి దొరా. బండి వాకిట్లోనే ఉంది.”

“ఎక్కడికి?”

“చూసేదానికి! మూడు తూర్లు చూద్దామంటిరి. ఈడ కూసుంటే మా మడి కనపడదు గదా!”

రాజు ఫక్కున నవ్వాడు. రాజు నవ్వాక మంత్రికి బండెక్కక తప్పలేదు. దారి పొడవునా, ఎగువ తోటలవాళ్ళు కాలువగట్టుకు కొట్టిన గండ్లు కనబడ్డాయి. వాటిని పూడ్పించారు. నీళ్ళు చివరి మడికి చేరాయి.

రాజు ఓబులేసును కాలువల మంత్రిని చేశాడు. పదవితోపాటు ఎగువన ఒక చెరకుతోట కూడా ఇచ్చాడు. ఓబులేసు బండినీ ఎద్దులనూ పక్క మడి సుంకులమ్మకు అప్పగించి కోటకు చేరాడు.

అక్కడ అతనికి తల వాచిపోయింది. నీళ్ళు ఎక్కువయ్యాయని ఎగువవాళ్ళు వచ్చేవారు. తక్కువయ్యాయని దిగువవాళ్ళు వచ్చేవారు. ఆ ఇద్దరూ అబద్ధాలాడుతున్నారని నడిమివాళ్ళు వచ్చేవారు. మొదటి ఏడు అతను తనను పిలిచిన ప్రతి ఊరికీ వెళ్ళాడు. రెండో ఏడు మనుషుల్ని పంపాడు. మూడో ఏడు సుంకులమ్మ వచ్చింది.

“అబ్బీ, మళ్ళీ నీళ్ళు రాలే. ఈ పైరూ పోతే నేను ఊరిడిసి పోవాల్సిందే.”

“చూద్దాంలే అత్తా,” అన్నాడు ఓబులేసు.

సుంకులమ్మ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఓబులేసు వాకిట్లోకి వచ్చేసరికి ఎదురుగా బండి ఉంది. కొమ్ము విరిగిన ఎద్దు అతన్ని చూసి తల ఊపింది. పగ్గాలు సుంకులమ్మ చేతిలో ఉన్నాయి.

“కట్టినా. ఎక్కు.”

“నేనిప్పుడు మంత్రిని అత్తా!”

“కాదన్నానా? మంత్రులెక్కే బండే గదా ఇది!”

భటులు నవ్వాపుకున్నారు. ఓబులేసు పళ్ళు కొరుకుతూ ఎక్కాడు. దారంతా నడుము నొప్పన్నాడు, ఎండన్నాడు, ఈ జనానికి ఎంత చేసినా చాలదన్నాడు. సుంకులమ్మ ఊ కొడుతూ తోలింది. ఎగువన ఒకచోట ఎద్దుల్ని ఆపింది.

గట్టుకు పెద్ద గండి ఉంది. నీళ్ళన్నీ అందులోంచి ఒక చెరకుతోటలోకి పోతున్నాయి. ఆ తోట ఓబులేసుదే.

అతను బండి దిగి, అక్కడున్న తన పాలేరు చేతిలోని పార లాక్కుని, గండిని తానే పూడ్చాడు. చెరకు ఎండిపోయింది. సుంకులమ్మ మడి పండింది.

ఆ రోజే పదవి వదిలేశాడని కొందరు చెబుతారు. కథకు అది అందమే కానీ, నమ్మదగిన మాట కాదు. అతను చచ్చేదాకా మంత్రిగానే ఉన్నాడు. ఆ బండీ అంతకాలం అతని వాకిట్లోనే ఉంది. ఎవరు పిలిచినా విసుక్కునేవాడు, తిట్టేవాడు, ఎక్కేవాడు. పోయినప్పుడు అదే బండిలో కాలువగట్టు వెంట తీసుకువెళ్ళి, నీళ్ళు చివరికి చేరే చోట మట్టి చేశారు.

అతనికి విగ్రహం లేదు, సమాధిరాయీ లేదు. కానీ ఆ కాలువ కింది ఊళ్ళలో, కుర్చీలో కూర్చున్నవారు ఎవరైనా “చూద్దాం” అన్నారా, ఎదుట నిలుచున్నవారు ఈనాటికీ మెల్లగా అడుగుతారు:

“బండి కట్టమంటారా?”

కొత్తవారైతే నవ్వుతారు. కథ తెలిసినవారైతే విసుక్కుంటూనే చెప్పులు వెతుక్కుంటారు.