నాంచారి నేతిపిడత

అనగనగా, గోదారికి ఇంకా గట్లు కట్టని రోజుల్లో, ఏటి పక్క ఊళ్ళో నాంచారి అనే ముసలమ్మ ఉండేది. బావులు తవ్వే వడ్డెరోళ్ళ మనిషి. తట్టలు మోసీ మోసీ నెత్తి మీద జుట్టు పోయింది గాని, నోరు మాత్రం పోలేదు.

ఆ ఊరి దొరకు మోకాళ్ళ నొప్పులు. చలికాలం వస్తే మంచం దిగడు. నేల అడుగున వెచ్చటి నీళ్ళుంటాయని ఎవరో చెప్పగానే బావి తవ్వమన్నాడు. మూడు తాడిచెట్ల లోతు తవ్వారు. గడ్డపార ఆగిందో లేదో, దొర బుట్టలో కూర్చుని దిగి అడుగున చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది!

"ఆగు దొరా," అంది నాంచారి. "మనది పోవాలె, నేలది మిగలాలె. ఇరవై మంది ఊపిరి, కాగడాల సెగ ఇంకా లోపలే ఉన్నై."

ఆగితే దొర ఎందుకవుతాడు? మర్నాడు ఊరందరినీ పిలిచి, బాజాలు పెట్టించి, ఊరిన నీళ్ళలోకి దూకాడు. ఆ చలికి వేసిన కేక అవతలి ఒడ్డుకు వినిపించిందట.

రెండో బావి తవ్వారు. అక్కడ మట్టి గట్టిది. మెత్తబడాలని కడవలకొద్దీ ఏటినీళ్ళు పోశారు. దొర చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది.

"పూడ్చండి!"

"ఆగు దొరా. మనది పోవాలె, నేలది మిగలాలె. ఆ చలువ మనం పోసిందే."

పూడ్చేశారు.

మూడో బావికి ముగ్గు పోశారు. నాంచారి పోయి ఆ ముగ్గులో చతికిలబడింది.

"ఇది వద్దు. పూడ్చినదాన్నే తియ్యి."

"అదీ చల్లగా ఉంటే నీ గుడిసె పీకిస్తా. నీ వాళ్ళంతా పొలిమేర దాటాలి."

పద్నాలుగు మంది పిల్లాజెల్లా ఆ గుడిసెలోనే ఉన్నారు. అయినా నాంచారి సరేనంది.

మళ్ళీ తవ్వారు. నేల వెచ్చనైతే కరిగి తీరుతుందని, నాంచారి రాయిలా గడ్డకట్టిన నేతిపిడతకు మూత బిగించి, తాడుతో అడుక్కి దించి, బావి మీద తడిక కప్పి, పక్కనే కూర్చుంది.

మొదటి రోజు దొర వచ్చాడు. "తియ్యనా?"

"మనది పోవాలె."

రెండో రోజు వచ్చాడు. "తియ్యనా?"

"నేలది మిగలాలె."

మూడో రోజు ఆయన నోరు తెరవకముందే "లాగు" అంది.

నెయ్యి నూనెలా కరిగి ఉంది. దొర నమ్మలేదు. వేలు ముంచి నాకాడు. ఇంకా అనుమానమే. మళ్ళీ నాకాడు. మూడోసారికి పిడత ఖాళీ.

"కరిగిందా దొరా?"

"కరిగింది," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"మరి నా గుడిసె?"

"ఉండనీ. ముందు ఆ నీళ్ళు తోడించు."

నాంచారి పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ ఆ వైపు బావి తవ్వితే నేతిపిడత దించి, మూడు రోజులు ఎవరూ చెయ్యి పెట్టరు. తొందరపడే వాడితో "ఆగరా, బావి పక్కనుంచి నాంచారి ఇంకా లేవలేదు" అంటారు. పిడత పైకొచ్చాక, కరిగినా కరగకపోయినా, ఆ నెయ్యి ముందు మట్టి మోసిన ఆడవాళ్ళ అన్నంలోకే. దొర వంశం వాళ్ళు ఆ దరిదాపుల్లో కనబడితే మాత్రం పిడత దాచేస్తారు.