వంకలేని వస్తాదు

ఆదోని తాలింఖానాలో మక్బూల్ వస్తాదు దగ్గర కుస్తీ నేర్చుకుంటున్న తిరుపాలుకి ఉన్నట్టుండి అన్నం సయించడం మానేసింది. ఉరుసు పోటీ దగ్గరపడుతోంది. అందులో తను తలపడాల్సిన సిద్దోజీ ఎలా కుస్తీ పడతాడో చూద్దామని బళ్లారి వెళ్లాడు. చూసి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

"నా పేరు తీసేయించండి వస్తాద్," అన్నాడు తల వంచుకుని.

"ఏం, దెబ్బ తగిలిందా?"

"లేదు. సిద్దోజీని చూసొచ్చినా. వాని మెడ, వాని నడుము, వాడు నిలబడే తీరు... వంక పెట్టేదానికి ఏమీ లేదు. అట్లాంటోణ్ణి మీరొక్కరే పడగొట్టగలరు."

"నేనెట్లా పడగొడతాను?"

"మీలో కూడా వంక లేదు కదా."

వస్తాదు నవ్వలేదు, కోప్పడలేదు. గడ్డం నెరిసినా ఆయన వీపును మట్టికి ఆనించిన శిష్యుడు ఇంతవరకూ లేడు. తిరుపాలుకైతే ఆ ఆలోచన కూడా రాలేదు. మంచి పట్టు దొరికినా, ఇందులో ఏదో కిటుకు ఉండే ఉంటుందని తనే వదిలేసేవాడు.

"గోదాలోకి దిగు," అన్నాడు వస్తాదు.

దిగాక, భుజం మీది తువ్వాలు తీసి శిష్యుడి కళ్లకు గట్టిగా కట్టాడు. "ఈ పూట నా ముఖం చూడొద్దు. చేతులకి ఏం తెలిస్తే అది చెయ్యి."

కలబడ్డారు. చీకట్లో వస్తాదు కనిపించడం లేదు. చేతుల కింద ఒక మెడ, చెమట పట్టిన భుజాలు, మట్టిలో కదిలే పాదాల చప్పుడు, అంతే. కుడివైపు తోసినప్పుడల్లా ఆ ఒళ్లు రవ్వంత తడబడుతోంది. అటువైపు మోకాలు బరువు మోయడం లేదు. ఇంకేమీ ఆలోచించకముందే తిరుపాలు కాలు వెళ్లి ఆ మోకాలి వెనక మెలిక వేసింది.

ధబ్బుమంది.

తువ్వాలు లాగేసి చూస్తే వస్తాదు వెల్లకిలా పడి ఆయాసపడుతున్నాడు. తిరుపాలుకి కన్నీళ్లు ఆగలేదు.

"మీ మోకాలు..."

"నువ్వు రాకముందే విరిగింది. సరిగా అతకలేదు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"రోజూ దానికి నూనె రాసేదెవరు?"

ఇన్నేళ్లుగా రాస్తున్నది తిరుపాలే. ఆ ఎముక మీద ఎక్కడ బొడిపె ఉందో తన బొటనవేలికి తెలుసు.

వస్తాదు చెయ్యి చాపాడు. "ముందు నన్ను లేపు. పేరు సంగతి తర్వాత చూద్దాం."

పేరు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఉరుసు రోజున సిద్దోజీ తొడ చరిస్తే మైదానమంతా హోరెత్తింది. తిరుపాలు ఆ ముఖం మీంచి చూపు దించి చేతులు కలిపాడు. మొదట సిద్దోజీ నెట్టిన నెట్టుకి గోదా అంచుదాకా వెళ్లిపోయాడు. ఈసారి కావాలనే మళ్లీ నెట్టించుకున్నాడు. అప్పుడు దొరికింది. మెడతో నెట్టే ప్రతిసారీ సిద్దోజీ మడమ మట్టి మీంచి లేస్తోంది. మూడోసారి మడమ లేచేసరికి తిరుపాలు ఎదురు నిలవలేదు. చటుక్కున పక్కకి తప్పుకుని, వస్తున్న బరువుని వచ్చినట్టే తుంటి మీదికి తీసుకుని తిప్పేశాడు.

సిద్దోజీ వీపు మట్టికి ఆనింది. డప్పులు మోగాయి. తలపాగాలు గాల్లోకి లేచాయి. జనం తిరుపాలుని భుజాల మీదికి ఎత్తుకుని, "తిరుపాలుకి తిరుగులేదు!" అని కేకలు పెడుతూ ఊరేగించారు.

వస్తాదు గుంపుని తోసుకుంటూ తిరుపాలు దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

"పొద్దున్నే రా. పట్టు పట్టేటప్పుడు ఎడమ భుజం దించేస్తున్నావు."

"వాడు ఆ తప్పు పట్టుకోలేదే వస్తాద్!"

"ఎట్లా పట్టుకుంటాడు? పాపం, నీ ముఖమే చూస్తా ఉన్నాడు."

తిరుపాలు జనం భుజాల మీద నుంచి పగలబడి నవ్వాడు.